ఇల్లు ఏ అంకెపై నిలిచియున్నది?



"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత ఎరుగని తెలుగువారు లేరు. ఆ సామెత చెప్పునది వ్యయప్రయాసలను గూర్చి. కట్టిన పిమ్మట ఆ ఇల్లు ఎంతటి గాలికి, ఎంతటి భూకంపమునకు నిలుచునను సంగతిని అది స్పృశింపదు. సర్కారు క్వార్టర్లలో కాపురముండువారు గాని, ప్రావిడెంటు ఫండు సొమ్ముతో సొసైటీలో చిన్న ఫ్లాటు సంపాదించుకొనువారు గాని ఇంజనీరును సాధారణముగా ఒకే ప్రశ్న అడుగుదురు: "ఈ కట్టడము గట్టిదేనా?" అని. దానికి అవుననియో కాదనియో సమాధానము వచ్చును. అయితే ఈ శాస్త్రమున ఆరితేరినవారు దానికంటె ఉపయోగకరమైన ప్రశ్న వేరొకటి కలదందురు: "గట్టిదని తేల్చిన లెక్కలో ఏ అంకె కొద్దిగా తప్పినచో ఆ తీర్పు తారుమారగును?" ఈ రెండవ ప్రశ్నకు సమాధానము వెదకు పద్ధతులకు సున్నితత్వ విశ్లేషణమని పేరు. నేటి ప్రసంగ విషయము అదియే.

కట్టడపు లెక్కలో అంకెలు అనేకములు. కాంక్రీటు బలము, ఇనుప కడ్డీల బలము, దూలముల కొలతలు, కప్పుపై పడు బరువు, గాలి వేగము, నేల స్వభావము మున్నగునవి యన్నియు అందు చేరును. వీనిలో ఏ ఒక్కటియు నిష్కర్షగా తెలిసినది కాదు. ఒకే దినమున, ఒకే మేస్త్రి, ఒకే పాలున కలిపిన కాంక్రీటునుండి తీసిన దిమ్మెలను ఇరువదియెనిమిది దినములకు పరీక్షించినను అన్నియు ఒకే బరువు వద్ద పగులవు. ఈ సత్యమును భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 సైతము అంగీకరించినది. పరీక్షాఫలితములలో నూటికి ఐదింటికి మించి ఏ విలువకు తగ్గియుండవో, ఆ విలువనే కాంక్రీటు లాక్షణిక బలముగా అది నిర్వచించినది. అనగా అనిశ్చయమును దాచక, దానికొక హద్దు గీచినది. ఇక మిగిలినది ఏ అనిశ్చయము ప్రమాదకరము, ఏది నిరపాయకరము అను విచారణ. అంకెలన్నియు సమానములు కావు.

మిక్కిలి సులభమైన పద్ధతి, తక్కినవానిని కదల్పక ఒక్కొక్క అంకెనే కొద్దిగా మార్చి చూచుట. ఉదాహరణకు రెండు గోడలపై ఆనించిన దూలమును గ్రహింతము. దానిపై పొడవునా సమముగా బరువు పడుచున్నది. నడుమ అది ఎంత క్రుంగునో గణింపవలెను. మీటరుకు పడు బరువు నూటికి పదివంతులు పెరిగినచో క్రుంగుటయు పదివంతులే పెరుగును. దూలపు వెడల్పు పదివంతులు తగ్గినచో క్రుంగుట సుమారు పదునొకండు వంతులు హెచ్చును. కాని దూలపు లోతు, అనగా పైనుండి క్రిందికి గల కొలత, అదే పదివంతులు తగ్గినచో క్రుంగుట 37 వంతులు హెచ్చును. గోడల నడిమి దూరము పదివంతులు పెరిగినచో 46 వంతులు హెచ్చును. కారణము స్పష్టము. లోతు ఆ సూత్రమున మూడుసార్లు గుణింపబడును. దూరము నాలుగుసార్లు గుణింపబడును. నాలుగిట జరిగిన మార్పు పదివంతులే. ఫలితములు మాత్రము నాలుగు విధములు.

ఇది కేవలము పుస్తకములలోని సంగతి కాదు. గోడనుండి వెలుపలికి వచ్చిన బాల్కనీ పలకను చూడుడు. ఆ పలక వంగునపుడు పైభాగము సాగును, క్రిందిభాగము నలుగును. కావున కడ్డీలు పైభాగమున ఉండవలెను. 120 మిల్లీమీటర్ల మందముగల పలకలో కడ్డీలు అడుగునుండి 100 మిల్లీమీటర్ల ఎత్తున ఉండవలసియున్నవనుకొందము. కాంక్రీటు పోయుదినమున తట్టలు మోయు కూలీలు ఆ కడ్డీలపై నడతురు. కడ్డీలు 25 మిల్లీమీటర్లు క్రిందికి అణగిపోయినచో పలక బలములో నాలుగవవంతు కంటె హెచ్చుగా పోయినదన్నమాట. అడుగునకే అంటుకొన్నచో అవి ఉండియు లేనట్లే. ఇల్లు కట్టించు గృహస్థుడు నీడన నిలువబడి సిమెంటు బస్తాలు లెక్కించును. ఇట్టి పలకలో సిమెంటు కొంత హెచ్చించినందువలన కలుగు బలము అత్యల్పము. కడ్డీ అంగుళమైన జారకుండ నిలుపుటవలన కలుగు రక్షణ అపారము. కాపలా కాయవలసినది బస్తాల సంఖ్యనే కాదు, కడ్డీల ఎత్తును. సున్నితత్వ విశ్లేషణము చేయు మొదటి ఉపకారము ఇదియే: శ్రద్ధను ఎచ్చట వెచ్చింపవలెనో అది చూపును.

ఇంతవరకు చెప్పినది చిన్న కట్టడముల సంగతి. మహాభవనముల నిర్మాణములో సైతము ఒక అంకె దృష్టిని తప్పించుకొనుట కలదు.

1977లో న్యూయార్కు నగరమున సిటీకార్పు సెంటరు అను 59 అంతస్తుల భవనము పూర్తియయ్యెను. దాని ఎత్తు 279 మీటర్లు. స్థలమునందు ఒక మూలను చర్చికి విడువవలసి వచ్చుటచేత, భవనపు నాలుగు మహాస్తంభములను మూలలయందు గాక నాలుగు ప్రక్కల నడుమ నిలిపిరి. తొమ్మిదంతస్తుల ఎత్తుగల కాళ్లపై భవనము నిలిచినట్లుండెను. గాలి త్రోపును ఆ స్తంభములకు చేరవేయుటకై ఏటవాలు ఉక్కుకమ్ములను అమర్చిరి. వీని అతుకులను వెల్డింగు చేయవలెనని మొదటి ఆలోచన. నిర్మాణకాలమున ఖర్చు తగ్గునని బోల్టులు వేసిరి. నిర్మాణ శిల్పి విలియం లెమెజూరియర్ ప్రసిద్ధుడైన ఇంజనీరు. 1978లో ఒక విద్యార్థి నుండి వచ్చిన ప్రశ్న కారణముగా ఆయన తన లెక్కలను మరల పరిశీలించెను. నాటి నిబంధనల ప్రకారము గాలి భవనపు ముఖమునకు ఎదురుగా వీచునని గణించుట ఆచారము. మూలనుండి వీచినచో ఏమగునని ఆయన గణింపగా కొన్ని కమ్ములలో గాలివలని లాగుడు నూటికి 40 వంతులు హెచ్చెను. ఇది ఆందోళనకరమే గాని, అంతటితో ప్రమాదము తప్పదనుటకు వీలులేదు. అయితే అతుకులలోని బోల్టులపై పడు బలము 40 గాదు, 160 వంతులు హెచ్చెను.

నలుబది నూటయరువది ఎట్లయ్యెను? దీనికి పెద్ద గణితము అక్కరలేదు. నెలజీతగాని యింటి లెక్క చాలును. జీతము నూరు రూపాయలు, ఖర్చు డెబ్బదియైదు, మిగులు ఇరువదియైదు అనుకొనుడు. ఖర్చు నూటికి పదివంతులే పెరిగి ఎనుబదిరెండున్నర అయినచో, మిగులు పదునేడున్నరకు దిగును. అనగా మిగులులో నూటికి ముప్పదివంతులు పోయినవి. రెండు పెద్ద మొత్తముల నడిమి చిన్న భేదముపై ఆధారపడినవాని గతి ఇట్టిదే. ఆ బోల్టుల గతియు ఇంతే. గాలి కమ్మిని లాగును. భవనపు బరువు అదే కమ్మిని అణచును. ఆ రెంటి భేదము మాత్రమే బోల్టుల పాలు. లాగుడు 100, అణచు బరువు 75 అనుకొన్నచో బోల్టులు భరింపవలసినది 25. గాలి లాగుడు 140 అయినను బరువు పెరుగదు గదా! భేదము 65 అయినది. ఇరువదియైదు ఎచ్చట, అరువదియైదు ఎచ్చట! పెరుగుదల సరిగా నూటికి 160. ఇవి విషయము విశదమగుటకై గ్రహించిన పాళ్లు. ఇట్టి కట్టడమున బలహీనమైనది ఉక్కు కాదు, బోల్టును కాదు. రెండు మహాబలముల నడుమ మిగిలిన భేదము.

లెమెజూరియర్ తన తప్పును దాచలేదు. యజమానులకు తానే తెలిపెను. భవనము పైభాగమున ఊపును తగ్గించుటకు 400 టన్నుల దిమ్మెను అమర్చియుండిరి. విద్యుచ్ఛక్తి పోయి అది పనిచేయకుండినచో, పదునారేండ్లకొకమారు రాదగిన తుఫానుకే భవనము కూలవచ్చునని లెక్క తేలెను. 1978 ఆగస్టు మొదలు రాత్రివేళలయందు అతుకులపై రెండంగుళముల మందముగల ఉక్కు పలకలను వెల్డింగు చేసిరి. ఆ సెప్టెంబరులో ఎల్లా అను తుఫాను తీరము వంకకు వచ్చి, సముద్రముపైకి మరలిపోయెను. ఈ వృత్తాంతము లోకమునకు విపులముగా తెలిసినది 1995లో. చుట్టుపట్ల నివసించువారికి నాడు నిజము తెలుపకుండుట ధర్మమా యను చర్చ నేటికిని కలదు. ఇంకొక విశేషము: ఇటీవలి సంవత్సరములలో అమెరికా జాతీయ ప్రమాణముల సంస్థకు చెందిన పరిశోధకులు గాలిసొరంగపు కొలతల ఆధారమున మరల గణించి, మూలగాలి ప్రభావము నాడు భావించినంత తీవ్రము కాదని వ్రాసిరి. దీనివలన పై పాఠము చెడిపోదు సరికదా, మరింత బలపడును. బోల్టులే గాక, గాలి ఇట్లు వీచునను ఊహయు సున్నితమైన అంకెయే యని తేలినది.

ఇంతవరకు అంకె మారినచో ఏమగునని మాత్రమే చూచితిమి. ఆ అంకె మారుటకు అవకాశమెంత యనునది రెండవ భాగము. ఎంత సున్నితమైన అంకెయైనను అది ఎన్నడును కదలనిదైనచో భయము లేదు. కట్టడముల భద్రతను సంభావ్యతతో కొలువవలెనని జర్మనీ దేశీయుడైన మాక్సు మేయరు 1926లోనే ప్రతిపాదించెను. ఆల్ఫ్రెడు ఫ్రాయిడెంతాల్ రెండవ ప్రపంచయుద్ధానంతరము దానిని విస్తరించెను. 1969లో కార్నెల్ అను ఇంజనీరు విశ్వసనీయతా సూచిక యను సులభమైన కొలతను ప్రచారమునకు తెచ్చెను. 1974లో హాసోఫర్, లిండ్ అనువారు దానికి చక్కని రేఖాగణిత రూపమిచ్చిరి. కట్టడపు సగటు స్థితినుండి పతనపు సరిహద్దు ఎంత దూరమున ఉన్నదో, మామూలు హెచ్చుతగ్గులే కొలబద్దగా కొలుచుట దీని సారము. హెచ్చుతగ్గులనే కొలబద్దగా గైకొని దూరమును కొలుచు భావమును 1936లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ గణాంకశాస్త్రమున ప్రవేశపెట్టిన సంగతి భారతీయులకు గర్వకారణము.

ఒక చిన్న లెక్కతో ఇది తేటపడును. ఒక దూలపు సగటు బలము 300, దానిలో మామూలు హెచ్చుతగ్గు 30. దానిపై పడు భారపు సగటు 200, హెచ్చుతగ్గు 40. సగటున మిగులు 100. ఆ మిగులులోని హెచ్చుతగ్గు 30ని, 40ని కూడినందున వచ్చు 70 కాదు. లంబకోణ త్రిభుజమున భుజములు 30, 40 అయినపుడు కర్ణము ఎట్లో అట్లు, 50. నూరును ఏబదిచే భాగింపగా సూచిక 2. గంట ఆకారపు వక్రరేఖ ననుసరించి ఇట్టి దూలములు నూటికి సుమారు రెండు పతనమగునని అర్థము. ఇది పాఠమునకై కల్పించిన దూలము. నిజమైన కట్టడములయందు సూచిక ఇంతకంటె హెచ్చుగా ఉండవలెను.

ఇప్పుడు ఈ దూలపు భయములో ఎవరి భాగమెంత? ముప్పదికి వర్గము 900, నలుబదికి 1600, మొత్తము 2500. బలపు అనిశ్చయము భాగము నూటికి 36; భారపు అనిశ్చయము భాగము 64. ధనమును శ్రమయు ఒక్కదానిపైననే వెచ్చించుటకు వీలున్నదనుకొందము. కాంక్రీటు కలుపుటలో శ్రద్ధ వహించి బలపు హెచ్చుతగ్గును సగము చేసినచో సూచిక 2.34కు పెరుగును, పతనము నూటికి ఒకటి చొప్పునకు దిగును. అట్లుగాక భారపు హెచ్చుతగ్గును సగము చేసినచో సూచిక 2.77, పతనము వేయికి మూడింటికి లోపే. రెండు చోట్లను చేసిన పని "సగము చేయుట"యే. ఫలితములో మూడురెట్ల భేదము. గిడ్డంగిగా కట్టని గదిని దస్త్రముల గిడ్డంగిగా మార్చవద్దని ఇంజనీరు చెప్పుటలో అంతరార్థము ఇదియే. ఏ కార్యాలయములోనైనను పాత ఫైళ్ల బరువెంతో మోసి చూచినవారికే తెలియును.

ఈ పద్ధతులకును పరిమితి కలదు. ఒక్కొక్క అంకెను వేరువేరుగా కదల్చి చూచినపుడు, రెండు కలిసి చేయు కీడు కానరాదు. తడి యొక్కటే కట్టడమును వెంటనే చెఱుపదు. కడ్డీపై కాంక్రీటు కప్పుదల పలుచనగుట యొక్కటే వెంటనే చెఱుపదు. రెండును కలిసినచో కడ్డీ త్రుప్పుపట్టి కట్టడము లోలోపల శిథిలమగును. ఇట్టి జంటప్రభావములను కనుగొనుటకై సమగ్ర పద్ధతులు ఏర్పడినవి. 1940వ దశకమున అణుపరిశోధనల సందర్భమున ఊలమ్, వాన్ నాయ్‌మన్ ప్రభృతులు రూపొందించిన మాంటీకార్లో పద్ధతిలో, జూదపు పాచికలు వేసినట్లు అన్ని అంకెలను ఒకేమారు యాదృచ్ఛికముగా మార్చి, కంప్యూటరుచే వేలకొలది మారులు కట్టడమును కాగితముపైననే నిలిపి కూల్తురు. 1991లో మారిస్ అను గణాంకవేత్త, తక్కువ లెక్కలతోనే ముఖ్యమైన అంకెలను, అముఖ్యమైనవానిని వేరుచేయు జల్లెడ వంటి పద్ధతిని తెలిపెను. ఆ కాలముననే రష్యా గణితజ్ఞుడు సోబోల్, ఫలితములోని మొత్తము హెచ్చుతగ్గును పాళ్లుగా పంచి, ప్రతి అంకెకు స్వంత భాగమెంతో, ఇతరములతో జతగూడిన భాగమెంతో చెప్పు మార్గమును చూపెను. ఉమ్మడి కుటుంబమున ఎవరి ఖర్చు ఎంతో, ఇద్దరు కలిసినపుడు మాత్రమే అగు ఖర్చు ఎంతో తేల్చినట్లన్నమాట.

ఈ గణితమంతయు ఎందులకు? 2001 జనవరి 26వ తేది ఉదయమును తలచుకొన్నచో సమాధానము లభించును. గణతంత్ర దినోత్సవ వేళ గుజరాతులోని కచ్ఛ ప్రాంతమున మహాభూకంపము సంభవించెను. భూకంపకేంద్రమునకు 200 కిలోమీటర్లకు పైబడిన దూరముననున్న అహమ్మదాబాదులో సైతము బహుళాంతస్తుల భవనములు కూలెను. వానిలో పెక్కింటికి ఒకే లక్షణము: పై అంతస్తులయందు గదుల మధ్య ఇటుక గోడలు గలవు, క్రింది అంతస్తున మాత్రము మోటారుకార్లు నిలుపుటకై గోడలు లేక ఉత్త స్తంభములే ఉండెను. లెక్క వేయునపుడు ఇటుక గోడలను కేవలము బరువుగా గణించి, వాని బిగువును విడిచిపెట్టుట వాడుక. ఆ విడిచిన అంకెయే నిర్ణాయకమైనది. గోడలుగల పైభాగము ఒకే దిమ్మెవలె కదలగా, ఊపంతయు క్రింది స్తంభములపై పడెను. 2002లో సవరించిన భూకంప ప్రమాణము, ఐ.ఎస్. 1893, ఇట్టి మెత్తని అంతస్తు స్తంభములను మామూలుగా వచ్చు బలమునకు రెండున్నర రెట్లకు రూపొందింపవలెనని ఆదేశించినది. ఆ "రెండున్నర" యను చిన్న అంకె వెనుక ఎన్ని కుటుంబముల దుఃఖము కలదో మరువరాదు.

అయితే లెక్కలో చేరని అంకెను ఏ విశ్లేషణమును చూపజాలదు. 1981 జూలై 17న అమెరికాలోని కాన్సాస్ నగరమున ఒక హోటలులో వ్రేలాడు నడకవంతెనలు కూలి 114 మంది మరణించిరి. ఒకదానిక్రింద నొకటిగా ఉన్న రెండు వంతెనలను కప్పునుండి వచ్చు ఒకే నిడుపాటి కడ్డీకి తగిలింపవలెనని మొదటి చిత్రము. పని సులభమగుటకై దానిని రెండు కడ్డీలుగా మార్చి, క్రింది వంతెనను పై వంతెనకు వ్రేలాడదీసిరి. ఒక త్రాటికి ఇద్దరు వేరువేరుగా వ్రేలాడుటకు బదులు, ఒకని కాళ్లను రెండవవాడు పట్టుకొని వ్రేలాడినట్లయ్యెను. పైవాని పట్టుపై బరువు రెండింతలైనది. ఉక్కు అదియే, జనము అంతే. మారినది చిత్రములో ఒక గీత. ఆ మార్పునకు ఆమోదము లభించెను గాని, "దీనివలన ఏ అంకె మారును?" అని ప్రశ్నించి లెక్క వేసినవారు లేకపోయిరి.

ఈ శాస్త్రము నిపుణులది. దాని ప్రశ్న మాత్రము అందరిది. గృహస్థుడు క్రింది అంతస్తులో దుకాణము కొరకు గోడ తీయించునపుడు, డాబాపై మరియొక నీటితొట్టి కట్టించునపుడు, బాల్కనీని మూసి గది చేయునపుడు, రెండంతస్తులకై వేసిన పునాదిపై మూడవ అంతస్తు తలపెట్టినపుడు, "ఇంతలో ఏమగును?" అని అనుకొనుట సహజము. మేస్త్రి సైతము "ఏమీ కాదండీ" అనును. ఆ ఘడియనే ఆగి, అర్హుడైన ఇంజనీరును పిలిచి, గట్టిదేనా యని గాక, "ఈ మార్పువలన ఈ యింట అన్నిటికంటె హెచ్చుగా మారునది ఏది?" అని అడుగవలెను. సమాధానము ఒక్కొక్కమారు నిరపాయకరము కావచ్చును. ఒక్కొక్కమారు నలుబది వెనుక నూటయరువది దాగియుండవచ్చును. ఆ రెంటిలో ఏదియో తెలిసికొనుటకు పట్టునది ఒక పూట. తెలిసికొనకపోవుటవలన నష్టపోవునది ఆ కప్పుక్రింద నిదురించు పిల్లలు.

ఇల్లు కట్టి చూడుమని పెద్దలనిరి. కట్టుటకు ముందును, మార్చుటకు ముందును ఆ యిల్లు ఏ అంకెపై నిలిచియున్నదో చూచుట నేటివారి కర్తవ్యము.